ప్రెగ్నెన్సీ పాజిటివ్ అని తెలియకముందే మందు తాగేశాను, ఫారంలో మాత్రం "లేదు" అని టిక్ పెట్టాను

వానచినుకు, రాత్రి 11:52

అందరికీ నమస్తే. చాలా రోజులనుంచి ఇక్కడ చదువుతూనే ఉన్నా గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి. మొన్న నాకు పాజిటివ్ వచ్చింది, చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి లెక్కేస్తే ఇవాళ్టికి 6 వారాల 2 రోజులు. మేం కోరుకున్నదే, సంతోషమే, కానీ ఆ రెండు గీతలు చూడగానే ముందు గుర్తొచ్చిందేంటంటే, సరిగ్గా మూడు వారాల క్రితం ఫ్రెండ్ పెళ్లి పార్టీలో నాలుగు గ్లాసుల వైన్ తాగాను. పైగా ఆ తర్వాతి వారం ఇంట్లో సినిమా చూస్తూ రెండు బీర్లు. అప్పటికే పీరియడ్ ఒకట్రెండు రోజులు లేటు, నాకెప్పుడూ అటూఇటూ అవుతుంది కదా అని పట్టించుకోలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి, దీనికే ఎక్కువ సిగ్గుగా ఉంది. మొదటి చెకప్‌లో ఫారం ఇచ్చారు, మద్యం తాగుతారా అన్న చోట "లేదు" అని టిక్ కొట్టేశా. పక్కనే అత్తయ్య కూర్చుని ఫారంలోకి తొంగి చూస్తున్నారు, నేనేం చెయ్యను. పెన్ను ఆ గడి మీద ఒక్క సెకను ఆగింది, ఆవిడ నా మొహం చూశారు, నేను టిక్ కొట్టేశాను. అప్పట్నుంచీ నిద్ర లేదు.

తిండి సంగతి ఇంకో గోల. పొద్దున్న పళ్లు తోముకోవాలంటేనే వాంతి. ఇద్దరికోసం తినాలి ఇద్దరికోసం తినాలి అని అత్తయ్య ప్లేటు నింపుతుంటారు, నాకేమో వాసనకే కడుపు తిప్పుతుంది. బిడ్డకి ఏమైనా అయి ఉంటుందా? దయచేసి తిట్టకండి, తిట్లు నేనే తిట్టుకుంటున్నా.

రెండోసారిఅమ్మ, రాత్రి 12:10

చెల్లీ ముందు నీళ్లు తాగి పడుకో. నేనూ మొదటిసారి ఇంతే, తెలియకముందు ఆఫీసు పార్టీలో తాగాను, తెలిశాక వారం రోజులు ఏడ్చాను, ఎవరికీ చెప్పుకోలేక బాత్‌రూమ్‌లో కుళాయి విప్పుకుని ఏడ్చాను. వాడికిప్పుడు ఆరేళ్లు. అలాగని నా కొడుకు బాగున్నాడు కాబట్టి అందరికీ బాగుంటుంది అని నేననను, నాకంటే తెలిసినవాళ్లు వస్తారు ఉండు.

అమ్మమ్మని_నేనే, రాత్రి 12:31

ఏంటో ఈ కాలం పిల్లల భయాలు. నాకు 1974లో ఏడో నెలలోనే నొప్పులొస్తే డాక్టర్లే నా నరంలోకి ఆల్కహాల్ ఎక్కించారు తల్లీ, నమ్మవా? సీసాలో పెట్టి డ్రిప్‌లాగా చుక్క చుక్క. నేను మత్తులో పాటలు పాడానట, మధ్యమధ్యలో వాంతులు, పక్క బెడ్ ఆవిడ ఇప్పటికీ కనిపిస్తే ఆ పాట పాడి నవ్వుతుంది. నొప్పులు ఆగాయి, తర్వాత నాలుగు వారాలకు పుట్టాడు. వాడిప్పుడు ఇంజినీరు. ఆ తర్వాతి కాన్పులో కూడా రాత్రి భోజనంతో చిన్న గ్లాసు తీసుకునేదాన్ని, రక్తం పడుతుందనేవాళ్లు. నువ్వు తాగిన నాలుగు గ్లాసులకి ఏం కాదు, పడుకో.

లేబర్‌రూమ్_నర్స్, ఉదయం 6:40

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశా, కాస్త పెద్దగా రాస్తా ఓపికపట్టండి.

అమ్మమ్మగారూ మీరు చెప్పిన డ్రిప్ అబద్ధం కాదు. 1960ల చివర్లో మొదలైంది ఆ పద్ధతి, నెలలు నిండకుండా నొప్పులొస్తే ఆల్కహాల్ ఎక్కించి గర్భసంచిని శాంతపరిచేవారు, 70లలో చాలాచోట్ల చేశారు. తర్వాత మానేశారు. ఎందుకంటే తల్లికి మత్తు, వాంతులు, పుట్టిన బిడ్డ కూడా మత్తుగా ఊపిరి సరిగా తీసుకోకపోవడం, ఈలోగా అంతకంటే మంచి మందులు రావడం. అసలు సంగతి తెలిసింది కూడా ఆ కాలంలోనే. ఫ్రాన్స్‌లో పాల్ లెమ్వాన్ అనే డాక్టరు 1968లో, బాగా తాగే తల్లులకు పుట్టిన 127 మంది పిల్లల్లో ఒకేరకం పోలికలు గమనించి రాశారు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలో జోన్స్, స్మిత్ అనే ఇద్దరు డాక్టర్లు దానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టాక లోకం చూసింది. అంటే మీకు డ్రిప్ పెట్టిన డాక్టరు చెడ్డవాడు కాదు, అప్పటికి ఆ కబురు ఆయన వార్డు దాకా రాలేదు అంతే.

ఇప్పుడు వానచినుకు విషయం. తేదీలు చూద్దాం. పీరియడ్ నుంచి లెక్కేసేటప్పుడు మొదటి రెండు వారాలు అసలు గర్భమే ఉండదు, అండం కలిసేది దాదాపు రెండో వారం చివర్లో. నువ్వు వైన్ తాగిన రోజుకి నీ లెక్కలో 3 వారాల 2 రోజులు, అంటే అండం ఫలదీకరణ అయ్యి 9 రోజులు. అప్పుడది గర్భసంచి గోడకి అతుక్కునే పనిలో ఉంటుంది, తల్లి రక్తంతో సంబంధం ఇంకా సరిగా ఏర్పడదు. ఆ దశలో గట్టి దెబ్బ తగిలితే మామూలుగా గర్భమే నిలవదు, నిలిచిందంటే చాలావరకు కోలుకుని ముందుకు సాగుతుంది. బీర్లు మాత్రం 16వ రోజుకి పడ్డాయి, అది అంచు మీద. అవయవాలు రూపుదిద్దుకోవడం మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా (ఫలదీకరణ నుంచి లెక్క). రెండు బీర్ల వల్ల ప్రమాదం తక్కువే, ఏ మంచి డాక్టరైనా నీకు ఇదే చెప్తారు. సున్నా అని రాసిచ్చేవాళ్లు మాత్రం ఉండరు, ఎందుకంటే ఇంతవరకు తాగొచ్చు అనే గీత ఇప్పటిదాకా ఎవరూ గియ్యలేకపోయారు. గర్భిణులకి కావాలని మందు తాగించి పరీక్ష చెయ్యలేం కదా.

ఇవాళ్టి నుంచి మానెయ్యడం మాత్రం నీ చేతిలో ఉంది, అదే ఎక్కువ లెక్క. మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఏ నెలలో మానినా లాభమే. నువ్వు తాగింది మాయ దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది, దాదాపు నీ రక్తంలో ఎంత ఉంటే అక్కడా అంతే. నీ లివర్ గంటకి ఒక డ్రింక్ చొప్పున అరగదీస్తుంది, బిడ్డ లివర్‌కి ఆ శక్తి లేదు. నెలలు గడిచాక బిడ్డ మూత్రం ఉమ్మనీటిలోకే పోతుంది, ఆ ఉమ్మనీరే మళ్లీ మింగుతుంది, అంటే తల్లికి దిగిపోయాక కూడా బిడ్డకి కాసేపు దిగదు.

ఆ ఫారం సంగతి సాయంత్రం రాస్తా, కళ్లు మూసుకుపోతున్నాయి.

లెక్కలపిచ్చి, ఉదయం 9:05

ఒక "డ్రింక్" అంటే ఎంత అన్నదానిమీదే సగం గొడవలు, అందుకే చిన్న లెక్క. మిల్లీలీటర్లు × శాతం × 0.789, అంతే, గ్రాముల్లో అసలు ఆల్కహాల్ వచ్చేస్తుంది. 330 మి.లీ. బీరు 5 శాతం అయితే 13 గ్రాములు. 150 మి.లీ. వైన్ 12 శాతం అయితే 14. విస్కీ 45 మి.లీ. 40 శాతం, అదీ 14. అంటే "నేను బీరే కదా తాగింది" అనే మాటకి అర్థం లేదు. 500 మి.లీ. స్ట్రాంగ్ బీరు 8 శాతం అయితే 31 దాటింది చూడండి, డబ్బా ఒకటే, డ్రింక్‌లు రెండు పైనే. పైగా అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాములు, బ్రిటన్‌లో ఒక యూనిట్ అంటే 8. ఒక దేశం సలహా చదివి ఇంకో దేశం గ్లాసుతో కొలిస్తే గోవిందా.

ఇంట్లో పోసుకునే గ్లాసు 150 దగ్గర ఆగదు కూడా. నేనోసారి కొలిచా, 230 వచ్చింది.

అమ్మమ్మని_నేనే, ఉదయం 10:20

అంతా వింటున్నా. మా మనవరాలు నెట్‌లో చూసి చెప్పింది, కడుపుతో ఉండి తాగిన 67 మందిలో ఒకరి బిడ్డకే ఆ సిండ్రోమ్ వస్తుందట. మరి మిగతా 66 మంది? దానికి ఇంత హడావిడి ఎందుకో.

దత్తతల్లి, ఉదయం 11:48

అమ్మమ్మగారూ నేను ఆ మిగతా 66లో ఒకరి బిడ్డని పెంచుతున్నా. కోపంతో రాయట్లేదు, కానీ రాస్తా.

మా వాడు మా ఇంటికొచ్చేసరికి 14 నెలలు. మొహంలో ఏమీ కనపడదు, ఆ సిండ్రోమ్ అంటే పై పెదవి సన్నగా, ముక్కు కింద గాడి చదునుగా, కళ్లు చిన్నగా అని పుస్తకాల్లో బొమ్మలుంటాయే, అవేవీ లేవు. మీ 67 లెక్క ఆ పూర్తి సిండ్రోమ్‌ది మాత్రమే. దాని కిందకి రాకుండా మెదడు మాత్రమే దెబ్బతిన్న పిల్లలు అంతకంటే చాలా ఎక్కువ, అందరినీ కలిపి ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ అంటారు, మా వాడు అందులో వస్తాడు.

ఎలా ఉంటుందో ఒక పొద్దున చెప్తా. వాడికి తొమ్మిదేళ్లు. నిన్న బూటు లేసు ముడి వేశాడు, నేర్పడానికి నాలుగు నెలలు పట్టింది, ఇద్దరం ఎగిరి గంతేశాం. ఇవాళ పొద్దున అదే బూటు ముందు కూర్చుని లేసు వైపు చూస్తున్నాడు, ఎప్పుడూ చూడని వస్తువులాగా. "అమ్మా ఇది నేను వేశానా?" అన్నాడు. బద్ధకం కాదు, మొండితనం కాదు, పోయింది, అంతే. రేపు రావచ్చు. స్కూల్లో మూడేళ్లపాటు అల్లరి అన్నారు, పెంపకం అన్నారు, నన్నే అన్నారు. గడియారం చూస్తాడు గానీ "ఇంకో పది నిమిషాల్లో" అంటే ఎంతో తెలీదు. నూనె చుక్క పడే గాజు టైమర్ కొన్నా, అది పనిచేసింది.

డయాగ్నసిస్ ఏడేళ్లకి గానీ రాలేదు. ఎందుకో తెలుసా? మొహంలో గుర్తుల్లేనప్పుడు తల్లి తాగిందా లేదా అన్నది తెలిస్తేనే డాక్టర్లు నిర్ధారణ చెయ్యగలరు. వాడి ఫైల్లో ఆ గడి ఖాళీగా ఉంది. ఎవరూ అడగలేదో, అడిగితే ఆవిడ భయపడి లేదందో. చివరికి ఆవిడ చెల్లెలు ఒక ఫోన్ కాల్లో చెప్పింది కాబట్టి తేలింది. ఆవిడ మీద నాకు కోపం లేదు, నిజంగా లేదు. ఆ ఖాళీ గడి మీదే నా కోపం. దీనికి మందు లేదు గానీ ముందే తెలిస్తే స్కూలు, థెరపీ, మా ఇంట్లో అరుపులు, అన్నీ వేరేగా ఉండేవి.

వానచినుకూ, నీ బిడ్డకి ఇలా అవుతుందని కాదమ్మా, నువ్వు చెప్పినదాన్ని బట్టి అలాంటి అవకాశం చాలా తక్కువ. కానీ ఆ టిక్ మార్చు.

వానచినుకు, మధ్యాహ్నం 1:15

చదివి ఏడ్చాను. మారుస్తా. ఎలా అడగాలో తెలీట్లేదు, "నేను అబద్ధం చెప్పాను" అని మొదలుపెట్టాలా?

ఒకప్పుడు_తాగేదాన్ని, మధ్యాహ్నం 2:02

నేనెలా మొదలుపెట్టానో చెప్తా, నీకంటే నా కేసు పదింతలు.

నేను రోజూ తాగేదాన్ని. పార్టీ తాగుడు కాదు, పొద్దున చెయ్యి వణక్కుండా ఉండటానికి తాగే తాగుడు. నాలుగో నెలలో గానీ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, తిడతారని, బిడ్డని తీసుకుపోతారని. అక్కడొక పెద్ద వయసు మిడ్‌వైఫ్ నాలుగు ప్రశ్నలు అడిగింది, "ఎంత తాగుతావ్" అని అడగలేదు. ఎన్ని డ్రింకులకి నీకు కిక్ ఎక్కుతుంది? నీ తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకొచ్చిందా? తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? పొద్దున్నే లేవగానే తాగావా, వణుకు తగ్గడానికో హ్యాంగోవర్ పోవడానికో? మొదటిదానికి "ఐదారు" అన్నాను, ఆవిడ తలెత్తకుండా రాసుకుంది. తర్వాత తెలిసింది, ఇది గర్భిణుల కోసమే చేసిన ప్రశ్నల వరస, టీ-ఏస్ అంటారు. మొదటి ప్రశ్నకి జవాబు రెండు డ్రింకులు దాటితేనే గుర్తు పెట్టుకుంటారట.

ఇది చదివే ఎవరైనా నాలాంటివాళ్లుంటే ఒక్క మాట. రోజూ గట్టిగా తాగేవాళ్లు ఇవన్నీ చదివి భయపడి ఇవాళ రాత్రికి రాత్రే ఇంట్లో మానెయ్యకండి. నేనదే చేశా. రెండో రోజుకి చెమటలు, వణుకు, లేని మనుషులు కనిపించడం, మూర్ఛ వచ్చింది. అది తల్లికీ ప్రమాదమే బిడ్డకీ ప్రమాదమే. ఆసుపత్రిలో ఉంచి మందులిచ్చి మెల్లగా దింపుతారు, విటమిన్ బి1 ఇస్తారు, తిండి మొదలుపెట్టిస్తారు. తాగేటప్పుడు నేను రోజుకి ఒక్కపూట తినేదాన్ని, బిడ్డకి మందు ఒక దెబ్బ, తిండి లేకపోవడం రెండో దెబ్బ, ఈ రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. తిన్న కొంచెంలో కూడా ఫోలేట్, జింక్ లాంటివి మందు వల్ల సరిగా ఒంటబట్టవు.

మా పాప రెండున్నర కిలోలతో పుట్టింది. ఇప్పుడు ఐదేళ్లు, మాటలు కాస్త లేటు, వారం వారం స్పీచ్ థెరపీకి వెళ్తున్నాం, ఫైల్లో అన్నీ రాసి ఉన్నాయి కాబట్టి రెండేళ్లకే మొదలైంది. నేను మొదలుపెట్టిన మాట ఏంటంటే, "ఫారంలో ఒకటి తప్పు రాశాను, దిద్దుతారా." అంతే.

మోడరేటర్, మధ్యాహ్నం 2:30

ఇద్దరు సభ్యుల కామెంట్లు తీసేశాం. తల్లుల్ని బూతులు తిట్టడానికి వేరే చోటు చూసుకోండి. చర్చ బాగా నడుస్తోంది, నడవనివ్వండి.

కాబోయేనాన్న, సాయంత్రం 5:18

అక్కలందరికీ నమస్తే, మగవాణ్ణి రావొచ్చా ఇక్కడ. మా ఆవిడకి నాలుగో నెల. తను మానేసింది, నేను శనివారం శనివారం తాగుతా, తను ఏమీ అనదు గానీ ఆ వాసనకి లేచి వేరే గదిలోకి వెళ్లిపోతుంది. మొన్న తన కోసం ఆల్కహాల్ లేని బీరు తెచ్చా, లేబుల్ మీద 0.5 శాతం అని ఉంది. అది పర్లేదా? ఇంకా వైన్ పోసి వండిన కూర తిన్నది, ఉడికితే ఎగిరిపోతుంది కదా?

లెక్కలపిచ్చి, సాయంత్రం 5:40

పూర్తిగా ఎగిరిపోదు బ్రదర్, అందరూ అలాగే అనుకుంటారు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ఉంది, పావుగంట ఉడికిస్తే పోసినదాంట్లో 40 శాతం మిగిలే ఉంటుంది, గంటకి 25, రెండున్నర గంటలకి 5. పైన పోసి మంట అంటిస్తారే, అందులో అయితే 75 శాతం అలాగే ఉంటుంది, మంట అంతా షో. కాకపోతే గిన్నెడు కూరలో అర గ్లాసు పోసి నలుగురు తింటే ఒకరికొచ్చేది ఎంతో మీరే లెక్కేసుకోండి, తినేసినదాని గురించి కంగారు పడకండి, ఇకముందు పొయ్యకండి.

లేబర్‌రూమ్_నర్స్, సాయంత్రం 6:55

కాబోయేనాన్న గారూ, ఆల్కహాల్ లేనిది అని అమ్మేవాటిల్లో చాలా దేశాల్లో 0.5 శాతం దాకా ఉండొచ్చు. 0.0 అని ఉన్నది వేరు. అది కావాలంటే ఇవ్వండి, లేదా సోడాలో నిమ్మకాయ పిండి ఇవ్వండి, అంతకంటే మంచిది. మీ శనివారం సంగతి మీ ఇష్టం గానీ, భర్త మానేసిన ఇళ్లల్లో భార్య మానడం తేలిక, ఇది నేను వార్డులో రోజూ చూసేదే. దగ్గు మందు కొనేటప్పుడు కూడా సీసా వెనకాల చదవండి, కొన్నిటిలో ఆల్కహాల్ ఉంటుంది.

అమ్మమ్మగారూ, సలహాలు మారుతున్నాయనే కదా మీ బాధ. నిజమే, మారాయి. అమెరికాలో సర్జన్ జనరల్, అంటే ప్రభుత్వ పెద్ద డాక్టరు, 1981లోనే వద్దన్నారు, 1989 నుంచి సీసాల మీద హెచ్చరిక వేస్తున్నారు. బ్రిటన్‌లో అయితే 2016 జనవరి దాకా, వద్దు గానీ తాగేట్టయితే వారానికోసారో రెండుసార్లో ఒకటి రెండు యూనిట్లు దాటొద్దు అనేవారు, అప్పుడు మార్చి అసలు తాగకపోవడమే క్షేమం అన్నారు. కొంచెం తాగితే హాని అని కొత్తగా రుజువై కాదు, కొంచెం అంటే ఎవరికి ఎంతో ఎవరూ చెప్పలేరు కనక. ఒకే రకంగా తాగిన ఇద్దరు తల్లుల్లో ఒకరి బిడ్డకి ఏమీ కాదు, ఇంకొకరికి అవుతుంది. లివర్ వేరు, తిండి వేరు, జన్యువులు వేరు.

వానచినుకూ, ఫారం గురించి. ఒంటరిగా వెళ్లు. అత్తయ్య వస్తానంటే "లోపల చెక్ చేస్తారట, మీరు బయట కూర్చోండి" అను. మేం కూడా తోడొచ్చినవాళ్లని బయటికి పంపడానికి బరువు చూడాలనో బీపీ చూడాలనో ఏదో ఒక వంక పెడతాం, నువ్వొక చూపు చూస్తే చాలు నర్సుకి అర్థమవుతుంది. తారీఖులు, గ్లాసులు, రెండూ చెప్పు.

రెండోసారిఅమ్మ, రాత్రి 8:20

అందరూ మందు దగ్గరే ఆగిపోయారు, పాపం ఆ పిల్ల తిండి సంగతి కూడా అడిగింది కదా.

ఇద్దరికోసం తినాలి అనేది పెద్ద మాయ చెల్లీ. మొదటి మూడు నెలల్లో అదనంగా తినాల్సిందేమీ లేదు, బిడ్డ అప్పుడు గోరంత. ఆ తర్వాత మూడు నెలలు రోజుకి 340 క్యాలరీలు ఎక్కువ, చివరి మూడు నెలల్లో 450. 340 అంటే ఎంతనుకున్నావ్, ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక అరటిపండు, అయిపోయింది. రెండో ప్లేటు కాదు. మామూలు బరువున్నవాళ్లు మొత్తం తొమ్మిది నెలలకి పదకొండున్నర నుంచి 16 కిలోలు పెరిగితే సరి, మరీ సన్నగా ఉన్నవాళ్లు ఇంకాస్త ఎక్కువ, లావుగా ఉన్నవాళ్లు తక్కువ. నేను మొదటిసారి 24 కిలోలు పెరిగా, ఇద్దరికోసం తిని తిని. ఆరో నెల టెస్టులో షుగరు తేలింది.

వాంతులకి నాకు పనిచేసినవి చెప్తా. మంచం దిగకముందే రెండు పొడి బిస్కెట్లు, తల దిండు మీదే ఉంచి. తర్వాత పావుగంట కదలకు. కడుపు ఖాళీగా ఉంటే ఎక్కువ తిప్పుతుంది, కాబట్టి రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. వేడి అన్నం వాసన పడకపోతే చల్లారాక తిను, చల్లటి తిండికి వాసన తక్కువ. నీళ్లు తిండితో కాకుండా మధ్యలో, గుక్క గుక్క. తొమ్మిదో వారం దగ్గర ఎక్కువగా ఉంటుంది, ఐదో నెలకల్లా చాలామందికి తగ్గిపోతుంది. బి6 మాత్ర కూడా ఇస్తారు, డాక్టర్ని అడుగు. కానీ నీళ్లు కూడా నిలవకపోయినా, ఉచ్చ ముదురు రంగులో కొంచెమే వస్తున్నా, బరువు 5 శాతం దాకా పడిపోయినా ఇంట్లో కూర్చోకు, సెలైన్ పెట్టాల్సి రావచ్చు.

ఐస్‌పిచ్చి, రాత్రి 8:44

తిండి మాట వచ్చింది కాబట్టి నా దొంగతనం కూడా చెప్పేస్తా. ఐదో నెలలో నాకు ఐస్ ముక్కలు నమలడం పిచ్చి. ఫ్రీజర్ తలుపు చప్పుడు రాకుండా తియ్యడం నేర్చుకున్నా, రాత్రి రెండింటికి లేచి ట్రే మొత్తం కరకర. తర్వాత సుద్దముక్కల మీదికి పోయింది మనసు, మా పెద్దోడి స్కూల్ బ్యాగులోంచి ఒకటి తీసి కొరికా కూడా. మొగుడికి చెప్పలేదు, ఇదేం రోగమో అని. ఐరన్ తక్కువైతే ఇలా అవుతుందట! హిమోగ్లోబిన్ 8.1 ఉంది. ఐరన్ మాత్రలు మొదలెట్టిన మూడు వారాలకి ఐస్ వైపు చూడబుద్ధి కాలేదు. సుద్ద, మట్టి లాంటివాటిలో సీసం ఉండొచ్చు, తినకండి, కానీ తినాలనిపిస్తే సిగ్గుపడకుండా చెప్పండి, నేను రెండు నెలలు దాచి నష్టపోయా.

లేబర్‌రూమ్_నర్స్, రాత్రి 9:30

బ్రేక్‌లో ఉన్నా, గబగబా. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. ఐరన్ మాత్ర టీ, కాఫీలతో వేసుకుంటే వేసుకోనట్టే, గంటన్నా ఎడం పెట్టండి. పాలతో, కాల్షియం మాత్రతో కూడా కలపొద్దు, నిమ్మరసమో నారింజో తోడుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా వస్తుంది, భయపడి మానెయ్యకండి, ప్రతివారం ఎవరో ఒకరు దానికే మానేసి వస్తారు.

ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు, 12 వారాలు నిండేదాకా. బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది మీ లెక్కలో ఆరో వారానికి, అంటే చాలామందికి పాజిటివ్ తెలిసేలోపు ఆ పని అయిపోతుంది, అందుకే గర్భం కోసం చూస్తున్న నెలనుంచే మొదలుపెట్టమంటాం. ముందు కాన్పులో వెన్నుపాము లోపం ఉన్నవాళ్లకి డోసు పదింతలు, అది డాక్టరే రాయాలి.

కాఫీ మొత్తం మానక్కర్లేదు, కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాముల లోపు. పెద్ద కప్పు ఇన్‌స్టంట్ కాఫీలో 100 ఉంటుంది, టీలో 75, కోలా చాక్లెట్లలో కూడా ఉంటుంది మర్చిపోకండి. లివర్ తినకండి, విటమిన్ ఏ మరీ ఎక్కువ, క్యారెట్‌లో ఉండేది వేరే రూపం, దానికి భయం లేదు. చేపలు మంచివి, మానకండి, షార్క్, స్వోర్డ్‌ఫిష్ లాంటి పెద్ద వేటచేపల్లో పాదరసం ఎక్కువ, అవి మాత్రం వద్దు. పచ్చి పాలు, వాటితో చేసిన మెత్తటి చీజ్, సగం ఉడికిన మాంసం, పచ్చి గుడ్డు వద్దు. ఫ్రిజ్‌లో పెట్టాం కదా అనుకోకండి, లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది, మిగిలిన కూర పొగలు వచ్చేదాకా వేడి చేసి తినండి.

అమ్మమ్మని_నేనే, రాత్రి 10:05

నర్సమ్మా ఒకటి అడుగుతా. బాలింతకి బీరు తాగితే పాలు పడతాయంటారే, అదీ అబద్ధమేనా? నేను తాగాను మరి.

లేబర్‌రూమ్_నర్స్, రాత్రి 10:12

అబద్ధమే అమ్మమ్మా. ఆల్కహాల్ వల్ల పాలు దిగడం తగ్గుతుంది, బిడ్డ తాగేది కూడా తక్కువే. పాలిచ్చే తల్లి ఒక డ్రింక్ తీసుకుంటే రెండు గంటలన్నా ఆగి ఇవ్వాలి, పిండి పారబోసినంత మాత్రాన త్వరగా పోదు, రక్తంలో తగ్గితేనే పాలల్లో తగ్గుతుంది.

అమ్మమ్మని_నేనే, రాత్రి 10:20

నా పిల్లలు బాగానే ఉన్నారు అని నేనెందుకు పదే పదే అంటానో తెలుసా, లేకపోతే రాత్రిళ్లు నాకు నిద్ర పట్టదు. సరే. అమ్మాయ్ వానచినుకూ, నేను ఏం కాదు అన్నది నిన్ను పడుకోమనడానికి అన్నా, తాగమనడానికి కాదు.

వానచినుకు, ఎనిమిది రోజుల తర్వాత, ఉదయం 7:35

వెళ్లొచ్చా. ఒక్కదాన్నే. డాక్టరు తలుపు దగ్గరే నిలబడి "ఫారంలో ఒకటి తప్పు రాశాను, దిద్దుతారా" అన్నాను, ఒకప్పుడు అక్కా నీ మాట అచ్చంగా అప్పజెప్పేశా. ఆవిడ కూర్చోమని కూడా అనకుండానే ఫైల్ తెరిచి, నా టిక్ మీద ఒక గీత కొట్టి, పక్కన రాసుకుంది: వైన్ 4 గ్లాసులు, 3 వారాల 2 రోజులకి, బీరు 2, 4 వారాల 2 రోజులకి, తర్వాత లేదు. నర్స్ గారు లెక్కేసి ఇచ్చిన తేదీలే చెప్పా, "ఇంత కచ్చితంగా ఎవరు చెప్తారమ్మా" అని నవ్వింది. ప్రమాదం తక్కువ అంది, సున్నా అనలేదు. గుండె కొట్టుకోవడం స్క్రీన్ మీద చూపించింది, బియ్యపు గింజంత దాంట్లో మిణుకుమిణుకు మంటోంది. ఆ గీత కొట్టిన పేజీ అత్తయ్యకి చూపించదట, అది నా ఫైల్ అంట.

ఇంటికొచ్చాక ఆయనకి చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫ్రిజ్‌లో ఉన్న రెండు డబ్బాలు తీసి పైవాళ్లకి ఇచ్చేసి వచ్చారు. అత్తయ్యకి చెప్పలేదు, ఇప్పట్లో చెప్పను కూడా. ఆవిడ ఇంకా ప్లేటు నింపుతూనే ఉన్నారు, సగం తిని సగం ఆయన ప్లేట్లోకి తోస్తున్నా.

అమ్మమ్మని_నేనే, ఉదయం 7:50

బిస్కెట్ నిలుస్తోందా?

వానచినుకు, ఉదయం 7:58

ఇవాళ రెండు నిలిచాయి అమ్మమ్మా, మూడోది తినకుండా ఉండాల్సింది.